యుద్ధకాలమున పిల్లలు – ఆశ్రయమిచ్చు పల్లెలు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)



ఆకలితో వచ్చిన బిడ్డకు అన్నము పెట్టుట తెలుగు పల్లెకు క్రొత్త కాదు. కాని అన్నము పెట్టినంతమాత్రమున ఆశ్రయము సంపూర్ణమగునా? యుద్ధకాలమున నగరములనుండి పిల్లలు తరలిపోయిన చరిత్రను పరిశీలించినచో, కాదనియే తేలుచున్నది.

1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణము రేవుమీదను, కాకినాడ తీరమునను బాంబులు విడిచినవి. ఆ నెలలోనే మద్రాసు ప్రభుత్వము, తప్పనిసరి పని లేనివారు నగరము విడిచి పోవలెనని సలహా యిచ్చెను. రైళ్లు జనముతో క్రిక్కిరిసినవి. తల్లులు బిడ్డలను చంకనిడుకొని పుట్టిండ్లకు, బంధువుల గ్రామములకు చేరిరి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు సైతము గుంటూరునకు తరలి, యుద్ధము ముగిసిన పిదపనే విశాఖకు మరలెను. కష్టకాలమే యైనను, ఆ పిల్లలలో పెక్కురకు తల్లి ఒడియు, అమ్మమ్మ యిల్లును దక్కినవి.

రంగూనులోని తెలుగు బిడ్డలకు ఆ భాగ్యము లేకపోయెను. 1941 డిసెంబరు 23న ఆ నగరముపై బాంబులు పడినవి. రేవులోను, బియ్యపు మిల్లులలోను పనిచేయు తెలుగువారు అచ్చట వేలకొలదిగ నుండిరి. ఓడ దొరకనివారు కొండలు, అడవులు దాటి కాలినడకన బయలుదేరిరి. ఆకలివలనను, జ్వరములవలనను త్రోవలోనే ఎందరో మరణించిరి. వారిలో పసివారును కలరు.

ముందుగ ఏర్పాటు చేసికొన్న దేశమునందును దుఃఖము తప్పలేదు. ఇంగ్లాండులో 1939 సెప్టెంబరు 1 మొదలు మూడు దినములలో సుమారు 15 లక్షలమందిని నగరములనుండి తరలించిరి. వారిలో ఎక్కువమంది బడిపిల్లలు. వారి చొక్కాలకు పేరుచీటీలు కట్టిరి. పల్లెలలో గృహస్థులు నచ్చిన పిల్లలను ఎంచుకొనుటచే, కొన్నిచోట్ల అన్నాచెల్లెండ్రు వేర్వేరు యిండ్ల పాలైరి. లండనులో శిశుశాలలు నడిపిన అన్నా ఫ్రాయిడు, డొరతీ బర్లింగుహాము అను విదుషీమణులు, బాంబుల మ్రోతకన్న తల్లి యెడబాటే పసిబిడ్డలను ఎక్కువగ క్రుంగదీయుచున్నట్లు గమనించిరి.

పరాయి బిడ్డను ఎట్లు చూచుకొనవలెనో తెలుపు ఉదాహరణ భారతదేశమునందే కలదు. స్వదేశమునకు దూరమై రష్యానుండి వచ్చిన పోలెండు బాలబాలికలకు 1942లో నవానగర సంస్థానాధీశుడు దిగ్విజయసింహజీ బాలాచడిలో నివాసము కల్పించెను. వారి భాషలో చదువును, వారి మతానుసారమైన ప్రార్థనను సాగనిచ్చెను.

ఇక ఈ సీమ సంగతి. కృష్ణా తుంగభద్రల నడుమనున్న గద్వాలకుగాని, కృష్ణకు ఉత్తరమునగల వనపర్తి, నాగర్‌కర్నూలులకుగాని బిడ్డల యెడబాటు తెలియనిది కాదు. తలిదండ్రులు కూలికై దూరదేశములకు వలసపోగా, అవ్వతాతలు పెంచిన పిల్లలు ఈ పాలమూరు గ్రామములలో ఎందరో కలరు. పండుగకు వచ్చు తల్లికొరకు బాటవంక చూచు బిడ్డ కన్నులను ఎరిగినవారికి, ఆశ్రయమనగా నేమో వేరుగ చెప్ప బనిలేదు.

2025 మే 7న హైదరాబాదులో పౌరరక్షణాభ్యాసము జరిగినది. అట్టి దినము నిజముగనే రాకుండుగాక! వచ్చినచో, ఆ నగరమునుండి ఎందరో పిల్లలు ఈ యూళ్లలోని అవ్వతాతల యిండ్లకే చేరుదురు. అప్పుడు చేయవలసిన పనులు నాలుగు. వీలైనంతవరకు తల్లిని బిడ్డను, తోబుట్టువులను విడదీయరాదు. వచ్చిన దినముననే బిడ్డ పేరు, తలిదండ్రుల పేర్లు, స్వస్థలము వ్రాసికొనవలెను. జాగు చేయక బడిలో చేర్పవలెను. తలిదండ్రుల క్షేమవార్త తరచుగ తెలుపవలెను.

ఇందు గ్రంథాలయమునకును బాధ్యత కలదు. వదంతులు వ్యాపించు వేళ పత్రిక చదివి నిజము చెప్పుట, క్రొత్తగ వచ్చిన బాలునకు ఒక పుస్తకమును, కూర్చొన చోటును ఇచ్చుట దానికి తగిన సేవలు. ఇరువదియైదేండ్లుగ, పుస్తకము తీసికొన్నవారి పేరు, తేదీ వ్రాసికొని, చెడకుండ మరల తెచ్చి యిమ్మని కోరుచున్న సంస్థ యిది. పల్లెకు వచ్చిన బిడ్డయు అట్టి అప్పగింతయే. చెక్కు చెదరకుండ కన్నవారి చేతికి మరల అప్పగించిననాడే ఆశ్రయము సంపూర్ణమగును.