కుక్కతో కాపురం ఏ అంతస్తులో?



ఫ్లాటు చూడడానికి వెళ్ళినప్పుడు ఇంటిల్లిపాదీ తలా ఒకటి చూస్తారు. అత్తగారు వంటిల్లు ఆగ్నేయంలో వుందా లేదా అని చూస్తారు. శ్రీవారు ధర చూస్తారు. పిల్లలు బాల్కనీలోంచి ఏం కనిపిస్తుందో చూస్తారు. మనం నీళ్ళు ఎన్ని గంటలు వస్తాయి, బట్టలు ఎక్కడ ఆరేసుకోవాలి అని అడుగుతాం. ఇంట్లో కుక్క వున్నా, కుక్కపిల్లను తెమ్మని పిల్లలు గొడవ చేస్తున్నా అడగవలసిన ప్రశ్న ఇంకొకటి వుంది. దాన్ని మాత్రం ఎవరూ అడగరు. ఈ కుక్కతో మనం ఏ అంతస్తులో వుండాలి?

"అదేం ప్రశ్నండీ, లిఫ్టు వుందిగా!" అంటారు మీరు. నేనూ అలాగే అన్నాను. ఆ మాటకు తర్వాత ఎంత బాధపడ్డానో చివర్లో చెబుతాను. ముందు లెక్క చూద్దాం.

ఇళ్ళ లెక్కల్లో అంతస్తుకు పది అడుగుల ఎత్తు అనుకుంటే, మెట్టు అర అడుగు చొప్పున ఇరవై మెట్లు. మన హైదరాబాదు, విజయవాడల్లో చాలా అపార్టుమెంట్లకు కింది భాగం కార్లకు వదిలేసి, ఆ పైన ఇళ్ళు కడతారు. అంటే మొదటి అంతస్తుకు 20 మెట్లు, నాలుగో అంతస్తుకు 80. ఎదిగిన కుక్కను రోజుకు కనీసం మూడు నాలుగుసార్లు బయటికి తీసుకువెళ్ళాలి. నాలుగుసార్లు దిగి ఎక్కితే మొదటి అంతస్తు వాళ్ళకు రోజుకు 160 మెట్లు. నాలుగో అంతస్తు వాళ్ళకు 640. లిఫ్టు ఆగిన రోజున మీ మోకాళ్ళు కట్టవలసిన లెక్క ఇది.

మరి ఈ మెట్లు దిగేది ఎవరు? కుక్కపిల్ల వచ్చిన నెల రోజులూ పిల్లలు నేనంటే నేనని పోటీ పడతారు. తర్వాత వాళ్ళకు పరీక్షలు వస్తాయి. ఆదివారాలు ఆయన తీసుకువెళతారు, అదీ పేపరు చదవడం అయ్యాక. మిగిలిన రోజుల్లో, పొయ్యి మీద కుక్కరు రెండో కూతకు సిద్ధంగా వుండగా గుమ్మం దగ్గర నిలబడి కుక్క ఎవరి ముఖం చూస్తుందో మీకు తెలుసు. కాబట్టి అంతస్తు సంగతిలో మొదటి మాట మనదే కావాలి. ఇది గయ్యాళితనం కాదు, పని చేసేవాళ్ళ హక్కు.

ఇప్పుడు కింది నుంచి పైకి ఒక్కొక్క అంతస్తే చూద్దాం.

నేల మీది ఇల్లయితే తలుపు తీయగానే కుక్క బయట వుంటుంది. పిల్లకైనా, ముసలిదానికైనా అంతకంటే సుఖం లేదు. కానీ గేటు ముందు ఎవరు నడిచినా దానికి కనిపిస్తారు. పాలవాడు, పేపరువాడు, కొరియరు కుర్రాడు, వీధికుక్క - అందరినీ అది పలకరిస్తుంది. పొద్దున్నుంచి రాత్రి దాకా మొరుగుడే. వానాకాలంలో ఎలుకల బెడద వుంటుంది. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళ వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు కుక్కకూ వస్తుంది, మనకూ వస్తుంది. దానికి కుక్కలకు టీకా వుంది, వేయించాలి. గడ్డిలోంచి పిడుదులు, అదే గోమార్లు, ఎక్కుతాయి. పల్లపు ప్రాంతమైతే ఇంకో భయం. 2020 అక్టోబరులో హైదరాబాదులో కాలనీలు మునిగినప్పుడు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ నీట మునిగినప్పుడు కింది ఇళ్ళవాళ్ళ అవస్థలు చూశాం. మనుషులు చేతికందినవి పట్టుకుని పైకి ఎక్కగలరు. గొలుసుతో కట్టేసిన కుక్క ఎక్కలేదు.

కార్లు ఆపే జాగా మీద వుండే మొదటి అంతస్తులో చాలామంది గమనించని సుగుణం ఒకటి వుంది. మన కింద ఎవరూ కాపురం వుండరు. కుక్క హాల్లో పరుగెత్తినా, రాత్రి గోళ్ళతో టకటకమని తిరిగినా, బంతి దొర్లించినా కింద నిద్రపోయేవాళ్ళు లేరు. పైనున్న అంతస్తుల్లో సగం తగాదాలు ఈ టకటకల దగ్గరే మొదలవుతాయి. పైగా వున్నవి ఇరవై మెట్లే. లోపం ఏమిటంటే కార్ల చప్పుడు, వాచ్‌మన్ గది దగ్గర మాటలు వినిపిస్తాయి. అది కొన్నాళ్ళకు కుక్కకే అలవాటవుతుంది.

రెండు, మూడు అంతస్తులు మధ్యరకం. వీధి సందడి కొంత తగ్గుతుంది, గాలి వస్తుంది. అయితే కింద కాపురం వుంటుంది కాబట్టి మనమే కాస్త జాగ్రత్తపడాలి. కుక్క గోళ్ళు పెరగనివ్వకూడదు. అది తిరిగేచోట చాపలో, మందపాటి పట్టలో పరవాలి. ఇది పొరుగువాళ్ళ కోసమే అనుకోకండి. ఇప్పటి నున్నటి టైల్సు మీద కుక్క కాళ్ళు జారతాయి. లాబ్రడారు, జర్మన్ షెపర్డు జాతులకు తుంటి కీళ్ళ జబ్బు వచ్చే అవకాశం ఎక్కువ. జారే నేల వాటికి శత్రువు. నడుము పొడుగ్గా, కాళ్ళు పొట్టిగా వుండే డాక్స్‌హుండుకు వెన్నుపూసల మధ్య బాధ వస్తుంది. దాన్ని మెట్ల మీద గెంతనివ్వకూడదు. అలాంటి చిన్న కుక్కనయితే ఎత్తుకుని దిగవచ్చు. లాబ్రడారును ఎత్తుకుంటామా?

అన్నిటికన్నా పై అంతస్తు చూడడానికి ముచ్చటగా వుంటుంది. వెలుతురు, గాలి, డాబా కూడా మనదే అన్నట్టుంటుంది. కానీ మే నెలలో పగలంతా ఎండ తాగిన శ్లాబు రాత్రి ఆ వేడిని ఇంట్లోకి వదులుతుంది. మనకు ఒళ్ళంతా చెమట పడుతుంది. కుక్కకు పాదాల కింద తప్ప చెమట పట్టదు. నాలుక చాపి రొప్పడమే దానికి చల్లబడే మార్గం. పగ్గు, బాక్సరు వంటి చప్పిడి ముక్కు కుక్కలు ఆ రొప్పడం కూడా సరిగా చేయలేవు. పై అంతస్తు తప్పనిసరి అయితే శ్లాబు మీద తెల్లటి పూత వేయించండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఇళ్ళ పైకప్పులు చల్లగా వుంచడానికి ఒక విధానమే ప్రకటించింది. మన ఒక్క ఇంటి గొడవ కాదన్నమాట.

ఎత్తుతో ఇంకో ప్రమాదం బాల్కనీ. కుక్కకు తెలివి వుంది, దూకదు అనుకుంటాం. పిట్ట కనిపిస్తే, కింద మీ అబ్బాయి గొంతు వినిపిస్తే ఆ తెలివి ఆ క్షణంలో వుండదు. 1985 నుంచి 1991 వరకు న్యూయార్కులో మేడల మీది నుంచి పడిన 81 కుక్కల గురించి అక్కడి పశువైద్యులు 1993లో ఒక వ్యాసమే రాశారు. కాబట్టి రెండో అంతస్తయినా, పదో అంతస్తయినా చువ్వల మధ్య పిల్ల తల దూరే సందు వుంటే వల బిగించండి. పిట్టగోడ పక్కన స్టూలు, పూలకుండీ పెట్టకండి. అవే దానికి మెట్లవుతాయి.

కుక్కపిల్లను తెచ్చేవాళ్ళకు ఒక మాట. పిల్ల వయసు ఎన్ని నెలలో దానికి ఒకటి కలిపితే, అది అన్ని గంటలు ఆపుకోగలదని ఒక మోటు లెక్క. మూడు నెలల పిల్లకు నాలుగు గంటలు. నాలుగు గంటలైనాక లిఫ్టు కోసం ఎదురుచూడమంటే అది చూడదు. పైగా టీకాలు పూర్తయ్యేదాకా ఇతర కుక్కలు తిరిగే నేల మీద పిల్లను వదలకూడదు. పార్వో అనే విరోచనాల జబ్బు ప్రాణం తీస్తుంది. అందువల్ల మొదటి రెండు నెలలు ఏ అంతస్తయినా ఒకటే, బాత్‌రూములో పాత పేపర్లే దిక్కు. ఎత్తు సంగతి ఆ తర్వాతే తెలుస్తుంది.

ఇక లిఫ్టు. భారత జంతు సంక్షేమ మండలి 2015లో మార్గదర్శకాలు ఇచ్చింది. మెజారిటీ ఓట్లు వచ్చాయని చెప్పి కూడా అపార్టుమెంటు సంఘం పెంపుడు కుక్కలను నిషేధించరాదని, లిఫ్టు వాడకుండా అడ్డుపెట్టరాదని అందులో వుంది. ఈ సంగతి తెలిసి వుండడం మంచిదే. కానీ కాగితం చూపించి కాపురం చేయలేం కదా! లిఫ్టులో కుక్కంటే భయపడే పిల్ల వుండవచ్చు. మడి కట్టుకుని గుడి నుంచి వచ్చే పెద్దావిడ వుండవచ్చు. "మీరు వెళ్ళండి పిన్నిగారూ, మేము తర్వాత వస్తాం" అంటే మనకు పోయేది ఒక్క నిమిషం. తాడు పొట్టిగా పట్టుకుని, కుక్కతోపాటే లోపల అడుగుపెట్టండి. కుక్క బయట, మీరు లోపల వుండగా తలుపు మూసుకుంటే మెడకు వున్న తాడే ఉరి అవుతుంది. ఏటేటా రేబిస్ టీకా వేయించి ఆ కాగితం నకలు సంఘం కార్యదర్శికి ఇవ్వండి. కార్పొరేషను లైసెన్సు తీసుకోండి. ఆవరణలో అది మలినం చేస్తే మీరే తీయండి. ఇవన్నీ చేసినవాళ్ళ కుక్కను ఏ సంఘమూ వెళ్ళగొట్టాలనుకోదు.

ఇప్పుడు మా ఇంటి సంగతి. మా బ్రౌనీ లాబ్రడారు. రెండు గుప్పిళ్ళంత పిల్లగా వచ్చింది. అప్పుడు మేము నాలుగో అంతస్తులో వుండేవాళ్ళం. పదేళ్ళపాటు నాకు ఏ కష్టమూ తెలియలేదు. పదకొండో ఏట దాని వెనక కాళ్ళు పట్టు తప్పాయి. ఆ ఎండాకాలంలోనే లిఫ్టు పాడై బాగుచేయడానికి వారం పట్టింది. బ్రౌనీ బరువు ముప్ఫై కిలోలు. మీకు తెలిసేలా చెప్పాలంటే నిండు గ్యాసు సిలిండరంత. ఆయన ఆఫీసులో, పిల్లలు పై చదువుల కోసం వేరే వూళ్ళలో. పశువైద్యులు చెప్పినట్టు పొట్ట కింద తువ్వాలు వేసి వెనక భాగం ఎత్తి పట్టుకుని, ఎనభై మెట్లూ ఒక్కొక్కటిగా దింపేదాన్ని. మూడోనాడు రెండో అంతస్తు మలుపులో అది ఆగిపోయింది. అక్కడే మెట్ల మీద తడిపేసి, తప్పు చేసినట్టు తల దించుకుని నా వైపు చూసింది. పదేళ్ళుగా ఇంట్లో ఒక చుక్క పోయని జంతువు అది. తప్పు దానిది కాదు. బాల్కనీలోంచి చెరువు కనిపిస్తుందని నాలుగో అంతస్తుకు ఒప్పుకున్న నాది.

ఆ ఇల్లు అద్దెకిచ్చి, రెండు వీధుల అవతల మొదటి అంతస్తులో అద్దెకు దిగాం. అందరూ నవ్వారు. కుక్క కోసం ఇల్లు మారతారా అన్నారు. బ్రౌనీ ఆ తర్వాత పద్నాలుగు నెలలు బతికింది. ఇరవై మెట్లు, తువ్వాలు సాయంతో, తనంతట తానే దిగేది. చివరి వారం దాకా దానికి ఆ మర్యాద దక్కింది. ఇప్పుడు నా మోకాళ్ళు కూడా ఆ మొదటి అంతస్తుకు దణ్ణం పెడుతున్నాయనుకోండి!

అందుకే నేను చెప్పేది ఒక్కటే. ఇంటికి తెచ్చే పిల్లను చూసి అంతస్తు ఎంచుకోకండి. పదేళ్ళ తర్వాతి ముసలి కుక్కను, పదేళ్ళ తర్వాతి మిమ్మల్ని తలుచుకుని ఎంచుకోండి. పెద్ద కుక్క అయితే మొదటి అంతస్తు, మహా అయితే రెండో అంతస్తు. అంతకు పైన తప్పకపోతే చంకన పెట్టుకుని దిగగల చిన్న కుక్కను పెంచుకోండి.

అడ్వాన్సు ఇచ్చేముందు ఈ నాలుగు పనులు చేయండి. లిఫ్టు ఎక్కకుండా, రెండు చేతుల్లో కూరగాయల సంచులతో ఒకసారి మెట్లు ఎక్కి చూడండి. కరెంటు పోతే జనరేటరు లిఫ్టుకు కూడా పనిచేస్తుందా, దీపాలకేనా అని అడగండి. గేటు దాటాక కుక్కను తిప్పడానికి మట్టినేల, చెట్టు నీడ ఎంత దూరంలో వున్నాయో చూడండి. వేసవిలో తారురోడ్డు మీద అరచేతి వెనకవైపు ఆనించి ఏడు లెక్కపెట్టండి. మీరు వుంచలేకపోతే దాని పాదాలూ వుంచలేవు. చివరగా, కింది ఇంట్లో ఎవరున్నారో కనుక్కుని, ముందుగానే వెళ్ళి "మాకు కుక్క వుందండీ" అని చెప్పండి.

ధర్మరాజు తన వెంట వచ్చిన కుక్కను వదిలేసి స్వర్గానికి రానన్నాడని చిన్నప్పుడు మనందరం విన్నాం. మనం అంత దూరం వెళ్ళనక్కర్లేదు. నమ్మి వెంట వచ్చినదాన్ని నాలుగు మెట్ల కోసం అవస్థ పెట్టకుండా వుంటే చాలు.

సెలవు.