నాగ్‌పాడా ఇల్లు, మన లెక్కల పుస్తకములు



శతవార్షికోత్సవ కానుకలో కొంత భాగము, పేటలలో తిరిగి న్యాయాన్యాయములు విచారించు విశ్వవిద్యాలయ విద్యార్థులకు ఇవ్వవలెనని మేము అడిగినప్పుడు, ఒక పెద్దాయన "అయ్యగారూ, లెక్కలు వ్రాసుకొనేవారికి మన కానుక ఎందుకండీ? గుడి పైకప్పు కారుతున్నది గదా!" అన్నారు. అడుగదగిన మాటే. కారుచున్న మాటయు నిజమే.

బొంబాయిలో నాగ్‌పాడా అను పేదల పేటలో, 1920ల్లో క్లిఫర్డ్ మాన్‌షార్ట్ అను అమెరికా మిషనరీ దొరగారు ఇరుగుపొరుగు వారందరి కొరకు ఒక గృహము తెరిచిరి. సేవకు మంచి మనస్సొకటే చాలదు, శిక్షణయు కావలెనని వారు తలంచిరి. 1936లో టాటా వారి ధర్మనిధి సహాయముతో అక్కడనే ఒక విద్యాలయము పుట్టినది. దొరగారే మొదటి డైరెక్టరు. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ అనునది అదే. 1964లో విశ్వవిద్యాలయ హోదా పొందినది. 1984లో ఆ సంస్థవారు హింసకు గురియైన స్త్రీల కొరకు బొంబాయి పోలీసు కమిషనరు కార్యాలయములోనే ప్రత్యేక విభాగము నెలకొల్పిరి. దెబ్బలు తిన్న స్త్రీ మొర పెట్టుకొను చోటనే ఆమె మాట వినుటకు మనుష్యులను కూర్చుండబెట్టిరి. చూడండి, ముందు పేట, తరువాతనే పట్టా.

మన సంగతి చెప్పుటకు సిగ్గగుచున్నది. ఒకమారు విద్యార్థులు మన పాలెమునకు వచ్చి, బోరు నీరు ఎవరికి ముందు అందును, సంఘపు పొలము కౌలు ఎవరికి పోవును అని అడిగిరి. మేమే టీ ఇచ్చి పంపివేసితిమి. పుస్తకములు తీయలేదు.

ఈమారు కానుకతో కూడ పుస్తకములును ఇచ్చెదము. షరతు ఒక్కటే: వారు వ్రాసినది తెలుగులో తెచ్చి, ఈ గుడి మెట్లమీదనే మనకు చదివి వినిపించవలెను. పైకప్పు పని వానలకు ముందే చేయించెదము.