ఇంగ్లీషు వాక్యంలో కార్యకారణాలు

హైదరాబాదులో తార్నాక మీదుగా విశ్వవిద్యాలయ ప్రాంగణానికి వెళ్ళే విద్యార్థులలో, తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో పరీక్ష వ్రాయవలసినవారు ఎందరో ఉన్నారు. ఇటువంటి భాషాసమస్య ఆ ప్రాంగణానికి కొత్తది కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ బోధనభాషగా ఏర్పడింది. 1948లో ఆ స్థానం ఇంగ్లీషుకు లభించింది. పదేండ్లకు, 1958లో, ఇంగ్లీషు ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చే కేంద్రీయ సంస్థ ఆ చెంతనే వెలసింది. అది 1972లో విదేశీ భాషలను కూడ తన పేరులో చేర్చుకొన్నది. 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమై, నేడు 'ఇఫ్లూ' అన్న పొట్టి పేరుతో ప్రసిద్ధమైనది.

పరభాష నేర్చేవారిని పెద్ద మాటలకంటె చిన్న మాటలే ఎక్కువ ఇబ్బంది పెడతాయి. కారణాన్ని కార్యంతో ముడివేసే 'బికాజ్', 'సో', 'డ్యూ టు' అనేవి అటువంటివి. వీటిని గూర్చి శ్రోతలకు కొంత మనవి చేస్తాము.

"జ్వరం తగ్గింది కాబట్టి మందు ఆపారు" అన్నాము. తగ్గడం కారణం, ఆపడం కార్యం. 'కాబట్టి' అంటే 'బికాజ్' అని కంఠస్థం చేసిన విద్యార్థి దీనిని మాటకు మాటగా మార్చి, "ది ఫీవర్ కేమ్ డౌన్ బికాజ్ దే స్టాప్డ్ ది మెడిసిన్" అని వ్రాస్తాడు. వ్యాకరణరీత్యా వాక్యంలో దోషం లేదు. అర్థం మాత్రం తలక్రిందులైనది: మందు ఆపినందువలననే జ్వరం తగ్గినదట! పరీక్షలో ఇందుకు మార్కులు పోతే పోవచ్చు. రోగి వివరాలు వ్రాసే కాగితంలో ఇదే జరిగితే, మందే జ్వరానికి మూలమని చదివినవారు భ్రమపడరా?

ఇందుకు హేతువు రెండు భాషల నిర్మాణంలో ఉన్నది. తెలుగులో 'కాబట్టి' కారణం వెనుక, దాని తోకవలె వస్తుంది. ఇంగ్లీషులో 'బికాజ్' కారణానికి ముందు, దాని తలవలె నిలుస్తుంది. కనుక 'కాబట్టి' ఉన్నచోట 'బికాజ్' పెట్టరాదు. అక్కడ ఇమిడే మాట 'సో'. "ది ఫీవర్ కేమ్ డౌన్, సో దే స్టాప్డ్ ది మెడిసిన్" అంటే సరిపోతుంది.

మరికొందరు 'బికాజ్'తో వాక్యం సక్రమంగానే ఆరంభించి, నడుమ 'సో' కూడ చేరుస్తారు. తెలుగులో 'కాబట్టి' కూర్చునే ఆ నడిమి చోటు ఖాళీగా కనబడడమే కాబోలు ఇందుకు కారణం. ఇంగ్లీషుకు ఒక ముడి చాలు. 'బికాజ్' ఉంటే 'సో' అక్కరలేదు. 'సో' ఉంటే 'బికాజ్' అక్కరలేదు.

ఇక 'వలన' సంగతి. "వాన వలన బస్సు ఆలస్యమైంది" అన్నా, "వాన కురవడం వలన ఆలస్యమైంది" అన్నా మనకు ఒకే ప్రత్యయం. ఇంగ్లీషు ఇక్కడ భేదం పాటిస్తుంది. వెనుక నామం వస్తే 'బికాజ్ ఆఫ్ ది రెయిన్'. కర్త, క్రియ గల వాక్యం వస్తే 'బికాజ్ ఇట్ రెయిన్డ్'. "బికాజ్ ఆఫ్ ఇట్ రెయిన్డ్" అనడం పొసగదు.

'డ్యూ టు' విషయమై ఇంగ్లీషువారిలోనే వివాదం నడిచింది. "ది డిలే వాజ్ డ్యూ టు ది రెయిన్" అనడంలో ఎవరికీ ఆక్షేపణ లేదు. అక్కడ అది ఆలస్యమనే నామాన్ని విశేషిస్తున్నది. "ది బస్ కేమ్ లేట్ డ్యూ టు ది రెయిన్" వంటి ప్రయోగాన్ని మాత్రం 1926లో ఫౌలర్ తన గ్రంథంలో తప్పుపట్టాడు. నేటి నిఘంటువులు దానిని అంగీకరిస్తున్నవి. అయినా పాత నియమం పాటించే పరీక్షకులు ఉండవచ్చును గనుక, అటువంటిచోట 'బికాజ్ ఆఫ్' అనడం క్షేమం.

'రిజల్ట్' అనే క్రియకు దిక్కు చూపేది దాని వెనుకనున్న మాట. 'రిజల్ట్ ఇన్' అంటే ఆ వెనుక వచ్చేది కార్యం; 'రిజల్ట్ ఫ్రమ్' అంటే వచ్చేది కారణం. ఒక్క చిన్న మాట మారితే దోషి నిర్దోషి అవుతాడు.

ఇంగ్లీషు వార్తలను తెలుగు చేసే మాకు ఈ మాటలతో నిత్యమూ పని. రైళ్ళు రద్దయినవని ఇంగ్లీషు వార్త ముందు చెప్పి, వరదల మాట తరువాత ఎత్తుతుంది. మేము వరదలతో మొదలుపెట్టి రైళ్ళతో ముగిస్తాము. మాటల వరుస మారినా, దేనివలన ఏది జరిగినదో మారకుండ చూడడమే మా బాధ్యత.

విద్యార్థులకు మేము సూచించేది ఒక సులభమైన పరీక్ష. వాక్యం వ్రాసిన తరువాత "ఎందుకు?" అని ప్రశ్నించుకోండి. దానికి సమాధానం 'బికాజ్' వెనువెంటనే కనబడితే వాక్యం సరియైనది. 'సో' వ్రాసినట్లయితే సమాధానం దానికి ముందే ఉండాలి. జాబితాలు వల్లెవేయడంకంటె, రోజుకు నాలుగు వాక్యాలను ఈ విధంగా సరిచూచుకోవడం ఎక్కువ మేలు చేస్తుంది.