చంకనెక్కి వచ్చినవాళ్లు



ఇవాళ పట్టా అందుకున్న మీ ఇళ్లలో తెలుగు, గోండీ, మాడియా, మరాఠీ వినిపిస్తాయి. మహారాష్ట్రలోని మన జిల్లాలో ముల్చేర, చామొర్శి వైపు బెంగాలీ కూడా. నా మాట ఆ బెంగాలీ ఇళ్ల గురించి.

1960, 70లలో తూర్పు పాకిస్తాన్ నుంచి కట్టుబట్టలతో వచ్చిన కాందిశీకులకు ఈ అడవి అంచున భూమి చూపించింది ప్రభుత్వమే. అప్పుడు అమ్మ చంకనెక్కి వచ్చిన పిల్లలు ఇప్పుడు తాతలు, నాయనమ్మలు. సరిహద్దు దాటాలా వద్దా అని వాళ్లను ఎవరూ అడగలేదు.

1987 జూలై 1కి ముందు ఈ దేశంలో పుట్టినవాళ్లు మన చట్టం ప్రకారం పుట్టుకతోనే పౌరులు. అందుకే ఒకే ఇంట్లో పెరిగినా, ఇక్కడ పుట్టిన తమ్ముడికి పౌరసత్వం దానంతటదే వచ్చింది. చంకలో వచ్చిన అక్క మాత్రం దరఖాస్తు పెట్టుకోవాలి. 2014 డిసెంబరు 31లోపు మూడు పొరుగు దేశాల నుంచి వచ్చినవారికి పౌరసత్వ చట్టపు 2019 సవరణ దారి తెరిచింది, ముస్లింలను వదిలేసి. అలా మతం చూసి దారివ్వడం నాకు సమ్మతం కాదు. పసిబిడ్డ ఏ ఇంట పుట్టినా పసిబిడ్డే.

పౌరసత్వం తేలినా తిప్పలు తీరవు. ఈ కాందిశీకుల్లో నామశూద్రులున్నారు; ఆ కులం పశ్చిమ బెంగాల్‌లో షెడ్యూల్డు కులం, మహారాష్ట్ర జాబితాలో లేదు. పైగా ఇక్కడ ఎస్సీ దాఖలాకు 1950 ఆగస్టు 10 నాటి నివాసం చూపించమంటారు. ఆ రోజుకి తాత పుట్టనైనా లేదు, లేదా సరిహద్దుకు అవతల ఖుల్నా వైపో ఫరీద్‌పూర్ వైపో ఉన్నాడు. మంచి మార్కులు తెచ్చుకున్న మనవరాలు దాఖలాల దరఖాస్తులు తీసుకునే సేతు కేంద్రం కిటికీ ముందు నిలబడి, దరఖాస్తులో ఆ ఒక్క గడి నింపలేక వెనక్కి తిరుగుతుంది.

అమెరికాలో మన తెలుగు పిల్లల గోడూ ఇలాంటిదే. ఉద్యోగానికి వెళ్లిన అమ్మానాన్నల వెంట, ఆధారితులకిచ్చే హెచ్-4 వీసా మీద పసితనంలో వెళ్లి, అక్కడే బడికెళ్లి, 21 నిండగానే ఆ వీసా పోగొట్టుకుంటారు. అక్కడి ప్రభుత్వం 2012లో తెచ్చిన ‘డాకా’ విధానం కాగితాలు లేని పిల్లలకు ఊరటనిచ్చింది గానీ, సక్రమంగా వచ్చిన వీళ్లకు వర్తించలేదు. వీళ్ల కోసం 2021లో బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. ఆ పిల్లలకు అన్యాయం జరుగుతోందని మనం బాధపడుతున్నాం, న్యాయమే. ముల్చేర పిల్లల కోసం కూడా అంతే గట్టిగా మనమే అడగాలి.

మీలో రేపు గ్రామ రెవెన్యూ అధికారులు, గ్రామ పంచాయతీ అధికారులు అయ్యేవాళ్లుంటారు. ఒక బెంగాలీ పిల్ల దాఖలా కోసం వస్తే, మీ తాత ఎక్కడివాడని అడిగే ముందు మీ ఆఫీసు బీరువా తెరవండి. ఆయనకు భూమి ఇచ్చిన ప్రభుత్వమే దాని కాగితం కూడా దాచి ఉంచాలి, అది వెతికే పని ఆ పిల్లది కాదు.