మోకాళ్ల పడవ



బీడీ చాటలు తెచ్చుకున్నవాళ్లు పని చేసుకుంటూనే వినండి. ఏం ఫరవాలేదు.

మొన్న మన పాఠంలో పడవ అనే మాట వచ్చింది. "మనకు పడవెందుకు టీచరమ్మా, నీళ్లుంటే గదా" అని ఒక అక్క నవ్వింది. అందుకే ఇవాళ పడవ సంగతే చెప్తాను.

వానలు బాగా పడ్డప్పుడు మన భీమేశ్వర వాగును చూశారు కదా! నీళ్లు ఉరుకుతూ పోతాయి. పెద్ద బండ అడ్డం వస్తే రెండు పాయలవుతాయి. కానీ ఆ బండ వెనక చూడండి. అక్కడ నీళ్లు ఎదురు తిరుగుతాయి. బట్టలు ఉతుకుతుంటే చేయి జారిన రవిక ఒక్కోసారి కొట్టుకపోదు. బండ వెనక్కి చేరి అక్కడక్కడే తిరుగుతుంది. ఆ సంగతి మీకు తెలుసు. దాని మీద నడిచే పోటీ ఒకటి లోకంలో ఉంది. దాని పేరు కెనూ స్లాలమ్.

ఉరికే నీళ్ల మీద తీగలు కట్టి గుంజలు వేలాడదీస్తారు. రెండు గుంజలు కలిస్తే ఒక గేటు. ఒక్కొక్కరే చిన్న పడవలో గేట్లన్నీ దాటాలి. పచ్చ గేటును నీటి వాలున దాటాలి. ఎర్ర గేటును ఏటికి ఎదురెక్కి దాటాలి. ఎదురెక్కడానికి బండ వెనక తిరిగే నీళ్లే ఆసరా. గుంజ తగిలితే 2 సెకన్లు దండుగ. గేటు తప్పితే 50 సెకన్లు దండుగ. అందరికన్నా తక్కువ సమయం పట్టినవాళ్లు గెలిచినట్టు.

పడవలు రెండు రకాలు. కయాక్‌లో కాళ్లు చాపి కూర్చుంటారు. తెడ్డుకు రెండు వైపులా రెక్కలుంటాయి. కెనూలో మోకాళ్ల మీద కూర్చోవాలి. తెడ్డుకు ఒక్క వైపే రెక్క. ఇది ఎక్కువ కష్టం.

ఇందులో పేరు మోసిన మనిషి జెస్సికా ఫాక్స్. 1994లో ఫ్రాన్స్‌లో పుట్టింది. తల్లి మిరియమ్, తండ్రి రిచర్డ్ ఇద్దరూ ఈ పడవల పోటీలవాళ్లే. తండ్రి ప్రపంచ విజేత. అయినా 1992 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం వచ్చింది. పతకం రాలేదు. తల్లికి 1996 ఒలింపిక్స్‌లో కంచు పతకం వచ్చింది. తర్వాత ఆ కుటుంబం ఆస్ట్రేలియా పోయింది. అక్కడ 2000 ఒలింపిక్స్ కోసం పెన్రిత్ అనే చోట ఒక కాలువ కట్టారు. మోటర్లతో నీళ్లు పైకి తోడి కిందికి వదులుతారు. జెస్సికా ఆ కాలువలోనే పెరిగిందనుకోండి. నేర్పిన గురువు తల్లే.

2012లో లండన్ ఒలింపిక్స్ నాటికి ఆమెకు 18 ఏళ్లు. కయాక్‌లో వెండి పతకం గెలిచింది. 2016లో రియోలో కంచు వచ్చింది. ఆ రియోలో బంగారు పతకం స్పెయిన్ మనిషి మయలెన్ చౌరాట్‌ది. ఆమె అప్పటికే ఒక బిడ్డ తల్లి. పిల్లలు పుట్టినంక ఇంకేం పరుగులు అనేవాళ్లకు ఈమె సంగతి చెప్పండి.

ఇప్పుడు అసలు ముచ్చట. జెస్సికా మోకాళ్ల పడవలో కూడా దిట్ట. 2013, 2014, 2015లో వరుసగా ప్రపంచ విజేత. అయినా రియో ఒలింపిక్స్‌లో ఆ పడవ ఎక్కలేదు. ఎందుకంటే అక్కడ ఆ పోటీ ఆడవాళ్లకు లేదు. మగవాళ్లకు కయాక్ ఒకటి, కెనూలు రెండు, మొత్తం మూడు పోటీలు. ఆడవాళ్లకు కయాక్ ఒక్కటే. మగవాళ్లకు కెనూ పోటీ 1972లోనే పెట్టారు. ఆడవాళ్లు ఆ పడవ తొక్కితే ఒళ్లు వంకర పోతుందని, గర్భసంచికి చేటని అన్నవాళ్లు కూడా ఉన్నారు. నాకు మాత్రం నవ్వొచ్చింది. మనం నాట్లేసేటప్పుడు పొద్దంతా వంగే ఉంటాం. అప్పుడు ఒళ్లు వంకర పోతుందని ఎవరన్నా ఆపారా?

ఆడవాళ్లు అడగ్గా అడగ్గా మగవాళ్ల పోటీ ఒకటి తీసేశారు. దాని బదులు ఆడవాళ్ల కెనూ పెట్టారు. అది మొదటిసారి జరిగింది టోక్యోలో, 2021లో. పలకలు తీసి లెక్క వేయండి. 2021లో నుంచి 1972 తీసేస్తే 49. అన్ని ఏళ్లు పట్టింది.

ఆ టోక్యోలోనే ఇంకో సంగతి. జెస్సికా కయాక్ ముక్కు దెబ్బతిన్నది. దానికి కార్బన్ ముద్ద పూశారు. అది జారకుండా పైన ఏం తొడిగారో తెలుసా? నిరోధ్! మన ఆశా అక్క పంచేదే. నవ్వకండి, నిజంగా జరిగింది. ఆమే వీడియో తీసి చూపించింది.

తర్వాత కయాక్ పోటీ. జెస్సికా 102 సెకన్ల చిల్లరలో వచ్చింది. అందరికన్నా వేగం ఆమెదే. కానీ రెండు గుంజలు తగిలాయి. 102కు 4 కలపండి. 106. జర్మనీ అమ్మాయి రికార్డా ఫంక్ ఏ గుంజా తగలకుండా 105 చిల్లరలో వచ్చింది. బంగారం ఆమెకు పోయింది. జెస్సికాకు మళ్లీ కంచే. మూడు ఒలింపిక్స్ అయినా బంగారం లేదు. ఆ రాత్రి ఆమెకు ఎట్లా నిద్ర పట్టిందో!

రెండు రోజులకు కెనూ పోటీ. ఆడవాళ్లు మొదటిసారి ఎక్కిన పోటీ. జెస్సికా ఈసారి ఒక్క గుంజ తగలనివ్వలేదు. రెండో స్థానం మనిషి కన్నా 3 సెకన్లు పైగా ముందు. బంగారం వచ్చింది.

2024లో పారిస్ ఒలింపిక్స్. కయాక్‌లో బంగారం, కెనూలో బంగారం, రెండూ జెస్సికావే. మూడో పోటీ కొత్తది. నలుగురు ఒకేసారి పైనుంచి నీళ్లలోకి దూకి, ఒకరినొకరు తోసుకుంటూ పోవాలి. అందులో జెస్సికా ముందే ఓడిపోయింది. ఆమెను దాటి ముందుకు పోయింది సొంత చెల్లెలే, నొయెమీ. ఆ నొయెమీయే చివరికి బంగారం గెలిచింది. గెలిచిన గడియలోనే అక్క గట్టు మీది నుంచి నీళ్లలోకి దూకింది. పోయి చెల్లెలిని కావలించుకున్నది.

మిరియమ్, జెస్సికా, నొయెమీ, మయలెన్. నాలుగు పేర్లు బోర్డు మీద రాశాను. కూడబలుక్కొని చదవండి. ఒత్తు ఎక్కడుందో చూసి చదవండి.