రోస్టర్ రాసే చెయ్యి

ఈరోజు ఎండీ, ఎంఎస్, డీఎం, ఎంసీహెచ్ పట్టాలు అందుకుంటున్న యువ వైద్యులకు నా హృదయపూర్వక అభినందనలు.

మీరు స్పెషలిస్టులయ్యారు. ఈ వృత్తిలో పొంచి ఉన్న ఒక ప్రమాదం గురించి ఈ సంతోష సమయంలోనే చెప్పాలి. అది బర్నౌట్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీన్ని జబ్బుగా కాక, పనిచేసే చోట పుట్టే స్థితిగా గుర్తించింది. సత్తువ ఉడిగిపోవడం, పని మీద విరక్తి కలగడం, చేతనైన పని కూడా చేయలేకపోతున్నామనిపించడం దాని లక్షణాలు. రోగి పేరు మరిచి బెడ్ నంబరుతో పిలుస్తున్నామంటే, బంధువులు రెండోసారి అడిగితే కసురుకుంటున్నామంటే, అది మొదలైందేమోనని చూసుకోవాలి.

దీని మూలం పని గంటల్లోనూ ఉంది. రెసిడెంట్ డాక్టర్ల డ్యూటీ మామూలుగా రోజుకు 12 గంటలు, వారానికి 48 గంటలు దాటకూడదని కేంద్రం 1992లోనే చెప్పింది. 2024లో జాతీయ వైద్య కమిషన్ టాస్క్‌ఫోర్స్ వారానికి 74 గంటలు మించవద్దని సిఫార్సు చేసింది. ముప్పై రెండేళ్లలో మనం కోరుకునే హద్దే 48 నుంచి 74కు చేరిందంటే, వార్డుల్లో అసలు ఎంతసేపు పనిచేయిస్తున్నారో ఊహించవచ్చు.

బర్నౌట్ తగ్గడానికి యోగా, ధ్యానం మంచివే. కానీ రాత్రంతా క్యాజువాలిటీలో నిలబడి, పొద్దున్నే ఓపీకి వచ్చిన డాక్టరుకు ముందు కావలసింది నిద్ర. అది దక్కాలంటే ఆ డ్యూటీ అందుకునే మరో మనిషి ఉండాలి. అందుకే ఇది ఒక్కరి మనోధైర్యంతో తీరే సమస్య కాదు; ఖాళీ పోస్టులు నింపాలి, న్యాయంగా డ్యూటీలు వేయాలి.

రేపు మీరే యూనిట్ చీఫ్‌లవుతారు. డ్యూటీ రోస్టర్ మీ చేత్తోనే రాస్తారు. అలసిన జూనియర్ సెలవడిగితే "మేం పడలేదా?" అనకండి. మనం పడ్డ కష్టం వాళ్లకు వారసత్వం కాకూడదు.

వైద్యులు చేసే జెనీవా ప్రమాణాన్ని 2017లో సవరించినప్పుడు అందులో రోగికి మేలైన వైద్యం అందించడానికి వైద్యుడు తన ఆరోగ్యాన్నీ కాపాడుకోవాలన్న మాట చేరింది. దాన్ని కూడా ప్రమాణంగానే పాటించండి. మనసు బరువెక్కితే తోటివారితో చెప్పండి, లేదా టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేయండి. సాయం అడగడం చిన్నతనం కాదు. మీ రోగులను, మీ జూనియర్లను, మిమ్మల్ని మీరు సమానంగా చూసుకోండి. శుభం భూయాత్.