సొత్తు దొరికెను, దొంగ దొరికెనా?



రజతోత్సవ సభలలో కావ్యములనుగూర్చియు, పురాణములనుగూర్చియు ప్రసంగించుట పరిపాటి. నేటి ప్రసంగ విషయము చోరనేరమును రుజువు చేయు సాక్ష్యము. ఇది ఉత్సవ సమయమునకు తగని మాటగా కొందఱకు తోపవచ్చును. కాని గ్రామములో ఒక మనుష్యుని దొంగ యని పిలుచుటకు క్షణము చాలును. ఆ పేరు తుడిచివేయుటకు తరము చాలదు. పై న్యాయస్థానము శిక్షను కొట్టివేసినను రచ్చబండమీది తీర్పు కొట్టువడదు. కావున ఏ సాక్ష్యము చాలును, ఏది చాలదు అను విచారము వకీళ్లకే కాక గ్రామస్థులందఱకును అవసరమైనది.

మన గోదావరీతీరమున, రాజమహేంద్రవరమున, నన్నయభట్టారకుడు తెనిగించిన ఆదిపర్వములో మాండవ్యమహర్షి కథ యున్నది. ఆ ముని మౌనవ్రతుడై తపస్సు చేయుచుండగా, రాజభటులు తఱుముచున్న దొంగలు ఆశ్రమములో దూరి సొత్తుతోకూడ దాగిరి. దొంగలెటు పోయిరని భటులడిగిరి. ముని పలుకలేదు. వెదకగా దొంగలును సొత్తును అచ్చటనే దొరకిరి. మునియు వారిలో నొకడేయని తలచి భటులు రాజునకు విన్నవింపగా, రాజు దొంగలతోపాటు ఆయననుగూడ కొఱత వేయించెను. పిదప నిజము తెలిసి క్షమాపణ వేడెను గాని, కొఱతమొన మునిశరీరమున నిలిచిపోయెను. అందుచేత ఆయన ఆణిమాండవ్యుడని పేరొందెను.

ఈ కథను పురాణముగా గాక వ్యాజ్యపు కాగితముగా ఒకసారి చదివి చూడవలెను. మునికి విరుద్ధమైన సాక్ష్యములు రెండు. ఒకటి, సొత్తు ఆయన ఆశ్రమమున దొరకుట. రెండవది, అడిగినప్పుడు ఆయన పలుకకుండుట. ఈ రెంటికిని సమాధానములు లేకపోలేదు. ఆశ్రమము ఎవరైనను రాదగిన చోటు. మౌనమునకు వ్రతము కారణము. ఆ చోటు ఎవరి స్వాధీనము, ఈ మౌనమేల యను రెండు ప్రశ్నలు రాజు వేయలేదు, అంతియే. వ్యవహారనిర్ణయము చెప్పిన ధర్మశాస్త్రకారులు ఈ మాండవ్యునే యెత్తిచూపి, యుక్తివిచారము లేని తీర్పున దొంగకానివాడు దొంగయగునని హెచ్చరించిరి.

మన సామెతలలోను సాక్ష్యశాస్త్రము కలదు. గుమ్మడికాయల దొంగ యెవడన్న భుజములు తడుముకొన్నాడట. ఇది నడవడినిబట్టి చేయు ఊహ. కాని పదిమందిలో నిలువబెట్టి గద్దించినచో నిరపరాధియు తడబడును. బీదవాడు మఱింత తడబడును. తాటిచెట్టు క్రింద కూర్చుండి పాలు త్రాగినను కల్లే యందురు. ఇది చోటునుబట్టి చేయు ఊహ. సామెతయే ఆ ఊహ తప్పు కావచ్చునని చెప్పుచున్నది. తాటిచెట్టేల యెక్కితివిరా యన్న, దూడగడ్డికన్నాడట. ఇది నమ్మరాని సంజాయిషీ. మూటిలోను బలమైనది ఇదియే. అయినను, ఎక్కినవాడు ఆతడేయని ముందు రుజువైనప్పుడే దూడగడ్డి మాటకు విలువ. చెట్టెక్కినట్లే తెలియనప్పుడు సంజాయిషీ యడుగుటకే తావు లేదు.

ఇక నేటి చట్టము. చోరీ జరిగిన వెంటనే ఆ సొత్తు ఎవనియొద్ద దొరకునో, ఎట్లు వచ్చెనో ఆతడు చెప్పలేకపోవునో, ఆతడు దొంగ యనియో, దొంగసొత్తని యెఱిగి పుచ్చుకొన్నవాడనియో న్యాయస్థానము ఊహింపవచ్చును. 1872వ సంవత్సరపు సాక్ష్యచట్టములోని ఈ సూత్రము, 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమములో 119వ నిబంధనగా నిలిచియున్నది. ఊహింపవచ్చును అన్నారు గాని ఊహింపవలయును అనలేదు. ఆ వెనుకనే చట్టము ఒక వర్తకుని ఉదాహరణ మిచ్చినది. గుర్తుగల రూపాయి యొకటి చోరీ జరిగిన కొలదికాలమునకే ఆతని పెట్టెలో దొరకెను. అది ఎవరిచ్చిరో ఆతడు చెప్పలేడు. కాని వ్యాపారములో దినమెల్ల రూపాయలు వచ్చుచునే యుండును. అట్టివానిమీద ఆ ఊహ చేయదగునా యని ఆలోచింపుమని చట్టమే చెప్పుచున్నది.

అంబాజీపేట కొబ్బరి వర్తకుని తలచికొన్నచో ఈ మాట మనకు సులభముగా బోధపడును. దినమునకు ఎన్ని తోటల కాయ ఆతని కొట్టునకు వచ్చును! ఏ కాయ ఏ చెట్టుదో ఎవడు చెప్పగలడు? చట్టము ప్రకారము నేలనంటియున్న వస్తువు చరము కాదు. దానిని వేఱుచేసిన క్షణముననే అది దొంగతనమునకు విషయమగును. చెట్టుమీది కాయకు యజమాని యెవడో ఊరెల్ల నెఱుగును. దింపిన కాయకు గుర్తు లేదు. దింపు కార్మికుని చూరుక్రింద పది కాయలు దొరకినవనుకొందము. అవి కోసినవా, కొన్నవా, కూలిక్రింద వచ్చినవా? పేరు చెక్కించిన ఇత్తడిబిందె దొరకుట వేఱు, పది కాయలు దొరకుట వేఱు. పోయిన సొత్తే దొరకిన సొత్తని రుజువు కానిచో తక్కిన విచారమంతయు నీటిమీది వ్రాత.

దొరకిన చోటును గూర్చి సుప్రీంకోర్టు చెప్పిన మాట స్మరణీయము. మధ్యప్రదేశమునుండి వచ్చి 1954వ సంవత్సరపు న్యాయనివేదికలలో ప్రకటితమైన త్రింబక్ కేసులో, నిందితుడు చూపగా నగలు ఒక పొలములో దొరకినవి. ఆ పొలము నలుగురు తిరుగునట్టిది. మఱియొకడు పెట్టియుండవచ్చును, ఆ సంగతి నిందితుని కెట్లో తెలిసియుండవచ్చును. కావున సొత్తు ఆతని స్వాధీనములో నుండెనని నిశ్చయింపరాదని న్యాయమూర్తులనిరి. మాండవ్యుని ఆశ్రమమును గూర్చి ఆ రాజు వేయని ప్రశ్న ఇదియే. 1956వ సంవత్సరపు నివేదికలలోని సన్వత్‌ఖాన్ కేసు రాజస్థానమునకు చెందినది. ఒక గుడిలో మహంతుడును సేవకుడును హత్యకు గురియైరి, సొత్తు పోయెను. తరువాత అందు కొంత నిందితులు చూపగా బయటపడెను. దొంగతనమునకు ఆ సాక్ష్యము చాలుననియు, దానినిబట్టియే హంతకులనుట చెల్లదనియు సుప్రీంకోర్టు నిర్ణయించెను. సాక్ష్యము ఎంతదూరము పోవునో శిక్షయు అంతదూరమే పోవలెను.

మఱి నిందితుడే తాను దొంగిలితినని పోలీసువారితో ఒప్పుకొన్నచో? ఆ మాట సాక్ష్యముగా చెల్లదు. ఆ మాటవలన వస్తువు బయటపడినచో, బయటపడిన సంగతికి నేరుగా సంబంధించినంత భాగమే చెల్లును. ఈ హద్దును తేల్చిన తీర్పు ఆంధ్రదేశపు వ్యాజ్యములోనే పుట్టినది. గుంటూరు సెషన్సు న్యాయస్థానమునుండి మద్రాసు హైకోర్టునకును, అచ్చటనుండి లండనులోని ప్రీవీ కౌన్సిలునకును పోయిన పులుకూరి కోటయ్య కేసు అది. దొమ్మీ, హత్యల వ్యాజ్యమైనను, 1946 డిసెంబరులో వెలువడిన ఆ తీర్పు నేటికిని చోరీ కేసులన్నిటికి కొలబద్దయై యున్నది. ఆయుధము గడ్డివామిలో దాచితినన్న మాట చెల్లును. దానితో పొడిచితినన్న మాట చెల్లదు. అట్లే, నగలు వామిలో దాచితిననుట చెల్లును. దొంగిలి దాచితిననుటలో దొంగిలి యనునది తీసివేయవలెను.

ఆ తీర్పులో అంతకన్న గొప్ప పాఠము మఱియొకటి కలదు. చేరరాని సాక్ష్యము చేరినదని తేలినప్పుడు అప్పీలు న్యాయస్థానము చేయవలసిన పని యేమి? దానిని తీసివేసి, మిగిలినది శిక్షకు చాలునా యని చూడవలెను. హైకోర్టు అట్లు చూడలేదు గనుక, ఆ ప్రశ్న విచారించుటకై ప్రీవీ కౌన్సిలు వ్యాజ్యమును మద్రాసునకు తిప్పిపంపెను. లెక్కలు వ్రాయువారికి ఇది తెలిసిన పద్ధతియే. చెల్లని పద్దు కొట్టివేసి, తిరిగి మొత్తము కట్టవలెను. పాత మొత్తమునే క్రింద నుంచరాదు.

అమెరికాలో అప్పీలు విచారించు న్యాయమూర్తులు సాధారణముగా సాక్ష్యమును తిరిగి తూచరు. వివేకముగల యెవరైనను ఆ సాక్ష్యముతో నేరము రుజువైనదని తలపగలరా యని మాత్రమే పరీక్షింతురు. 1979లో జాక్సన్ కేసున అచ్చటి సుప్రీంకోర్టు ఈ కొలత నిర్ణయించినది. మన దేశమున మొదటి అప్పీలులో సాక్ష్యమును మొదటినుండి తిరిగి తూచు అధికారమును, ఆ బాధ్యతయు కలవు. మేజిస్ట్రేటు విధించిన శిక్షపై సెషన్సు న్యాయస్థానమునకు అప్పీలు గడువు 30 దినములు. వకీలును పెట్టుకొనలేని షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి, స్త్రీలకు, నిర్బంధములో నున్నవారికి 1987వ సంవత్సరపు చట్టము ఉచిత న్యాయసహాయము కల్పించినది. ఈ రెండు సంగతులు తెలియక ఎన్ని ఇండ్ల దీపములు ఆరిపోవునో!

పుట్టుకయే సాక్ష్యమైన కాలముకూడ ఒకటి గడచినది. 1871వ సంవత్సరపు చట్టముతో కొన్ని తెగలను పుట్టుకతోనే నేరస్థులని ముద్రవేసిరి. బాపట్ల చెంతనున్న స్టూవర్టుపురము అట్టి సెటిల్మెంటుగా వెలసినదే. 1952లో ఆ శాసనము రద్దయ్యెను. కాగితముమీద రద్దైనది కంటిచూపులో రద్దు కాకున్న ఫలమేమి? ఊరిలో ఏది పోయినను ఒకే పేటవైపు చూచువాడు సాక్ష్యము వెదకుట లేదు. సాక్ష్యము లేకయే తీర్పు వ్రాయుచున్నాడు.

ఇట్లనుట దొంగను కాపాడుటకు కాదు. సొత్తు పోయిన గృహస్థుని దుఃఖము చిన్నది కాదు. కన్నులార చూచినవారు లేకున్నను, గొలుసులోని లంకెలన్నియు నిలిచినచో శిక్ష న్యాయమే. ఆ లంకెలు గట్టిగా నుండుట గ్రామస్థుల చేతిలో నున్నది. పోయిన దినముననే, పోయిన వస్తువుల జాబితా, తూకము, గుర్తులు వ్రాసి ఫిర్యాదు చేయవలెను. ఆలస్యమైనకొలది గుర్తులు పెరుగును, నమ్మకము తరుగును. దొరకిన వస్తువును గుర్తుపట్టుటకు పిలిచినప్పుడు, అట్టివే మఱి నాలుగైదింటిలో కలిపి యుంచినచో కోపింపరాదు. ఆ గుర్తింపే పై న్యాయస్థానమున నిలుచును. మధ్యవర్తిగా పిలువబడినవాడు చూచినదానికే చేవ్రాలు చేయవలెను. స్టేషనులో వ్రాసియుంచిన కాగితముపై చూడని సంగతికి చేసిన సంతకము, నిరపరాధిని జైలునకైనను పంపును, నిజమైన దొంగనైనను విడిపించును. రెండును పాపమే. 2024 నుండి సోదాలను, స్వాధీనములను దృశ్యశ్రవణ యంత్రములతో చిత్రింపవలయునని విధియైనది. అయినను యంత్రము చిత్రమును భద్రపఱుచును గాని, సాక్షి మనస్సులోని నిజాయితీని కాదు.

ఈ గ్రంథాలయమున భారతమున్నది. దాని ప్రక్కనే దేశభాషలో సాక్ష్యచట్టముకూడ ఒకటి యుండవలెను. ఆ రెండును చదివినవాడు, ఊరిలో సొత్తు దొరకినదన్న కేక వినబడినప్పుడు తక్షణమే ఒకని పేరు పలుకడు. ఎవరిది, ఎచ్చట, ఎన్నినాళ్లకు, ఎవరు చూడగా అని నాలుగు ప్రశ్నలు వేయును. మాండవ్యుని నాడు ఆ ప్రశ్నలు వేసినవాడు ఒక్కడున్నను ఆ కొఱత నాటబడియుండదు.